కమ్మీ వైపు తిరిగిన చెప్పులు

(“ఐదు గంటల పాట” నవలలో పదకొండో భాగం)

కజుయో ఆ గోధుమరంగు కవరు తెచ్చి నా ముందు పెట్టిన చోట పోయిన వారం ఆగాం. అందులో ఉన్నవి నాలుగు కాగితాలు. వాటి కోసం ఆమె పదకొండు నెలలు పోలీసు స్టేషను చుట్టూ తిరిగింది. ఆమె కొడుకు తకుమా చావు గురించి పోలీసులు రాసుకున్న కాగితాలు అవి. వాడికి పద్నాలుగేళ్ళు. ఫ్లూ జ్వరంతో పడుకున్నవాడు, డాక్టరు ఇచ్చిన మాత్ర మింగిన రెండు గంటలకు, నాలుగో అంతస్తు బాల్కనీ మీంచి పడి చనిపోయాడు. కావాలనే దూకాడని పోలీసులు రాసి దస్త్రం మూసేశారు. కాదు, మాత్రే వాణ్ణి మంచం మీంచి లేపి నడిపించిందని తల్లి నమ్మకం.

ఆ రోజు ఆ ఇంట్లో మొదట అడుగుపెట్టినదాన్ని నేను. మా భవనం మెట్లు ఊడ్చే పని నాది.

ఇప్పుడు మళ్ళీ అదే ఇంట్లో, అదే గదిలో కూర్చున్నాను. గురువారం, మధ్యాహ్నం మూడున్నర దాటింది. అకాగి కొండ మీంచి దిగిన పొడిగాలి కిటికీ అద్దాలను పట్టి ఊపుతోంది. లోపలికి వస్తూ గుమ్మంలో చూస్తే కజుయో కూతురు మినొరి బడి బూట్లు ఒకటి బోర్లా, ఒకటి పక్కకు పడి ఉన్నాయి. నా బూట్లతో పాటు వాటినీ జత చేసి, మొహాలు బయటికి తిప్పి పెట్టాను. మా ఊరు కిర్యూలో, ఆ మాటకొస్తే ఈ దేశంలో ఎక్కడైనా, నా వయసు ఆడది చేసే పనే అది. పైగా నన్ను తొమ్మిదో ఏట మగ్గం దగ్గర కూర్చోబెట్టారు. పోగు వంకర పోతే వేళ్ళ మీద వెదురు బెత్తం పడేది. వంకరగా ఉన్నది కంటపడితే నా చేయి నన్ను అడగదు.

మినొరికి పదేళ్ళు. లోపలి గదిలో పడుకుని ఉంది. నిన్నటి నుంచి ముప్పై తొమ్మిది డిగ్రీల జ్వరం. ఈసారి కూడా ఫ్లూ జ్వరమే.

నిన్న ఉసుయ్ డాక్టరుగారి దగ్గరికి పిల్లను మేమిద్దరం కలిసే తీసుకెళ్ళాం. ఈ చలికాలం ఆయన ఆసుపత్రి బల్ల మీద అరగంట కూర్చుంటే ఊరి మనసు తెలిసిపోతుంది. సగం మంది తకుమా మింగిన ఆ బూడిదరంగు గొట్టం మాత్ర రాయలేదని తగువు పడుతున్నారు. సగం మంది రాసిచ్చాడని తగువు పడుతున్నారు. ఒకావిడ మొగుడి తరఫున ఒక తగువు, కొడుకు తరఫున ఇంకో తగువు పడి, రెండు చీటీలూ సంచిలో వేసుకుని వెళ్ళింది.

టోఫూ కొట్టు కుమెజో ముక్కుకు గుడ్డ కట్టుకుని అందరికీ లెక్క చెప్పాడు. “మింగితే ఐదు రోజులు జ్వరం, మింగకపోతే ఆరు. ఆ ఆరో రోజు సెలవనుకుని పడుకుంటా నేను.” అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలోనే ఎవరో, ఆ మాత్రను సముద్రం అవతల పెద్దవాళ్ళ మీద పరీక్ష చేసి, ఇక్కడ పిల్లలకు బరువు చూసి తగ్గించి ఇమ్మన్నారట అన్నారు. అనుమతి ముద్ర వేసిన టోక్యో పెద్దలు మాత్ర చూసి వేశారో, కాగితం చూసి వేశారో అని ఇంకొకరు అడిగారు. కాగితమే చూస్తారు, మాత్రను చూస్తే ఏం తెలుస్తుంది అన్నాడు కుమెజో. ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పుడే అందరికీ కజుయో అక్కడ కూర్చుని ఉన్న సంగతి గుర్తొచ్చింది.

డాక్టరుగారు మటుకు దాచుకోకుండా మాట్లాడారు. తకుమాకు మాత్ర రాసింది ఆయనే. ఈ ఏడాదిలో ఆయన జుట్టు సగం తెల్లబడింది. ఒక్క జ్వరమే పిల్లల్ని అలా లేపి నడిపించగలదనీ, మాత్ర మొహం చూడని పిల్లలు కూడా అలా లేచి వీధిలోకి పోవడం తన చిన్నప్పటి నుంచీ ఉన్నదేననీ చెప్పారు. మరి మా వాణ్ణి నడిపించింది ఏదని కజుయో అడిగింది.

“నాకు తెలియదమ్మా” అన్నారు ఆయన. “టోక్యోలో కూర్చున్నవాళ్ళకూ తెలియదు. వాళ్ళు పిల్లల లెక్క తీస్తున్నారు. ఎంతమంది మాత్ర మింగి నడిచారు, ఎంతమంది మింగకుండా నడిచారు అని. మీవాడు ఏ లెక్కలోనూ లేడు. దూకాడని రాసేశారు కదా. ‘కారణం తెలియదు’ అని రాయించుకోవాలన్నా, ముందు వాడు లెక్కలోకి రావాలి.”

ఆ మాట కజుయోకు పట్టుకుంది. సోమవారం టోక్యోలో పెద్దల సమావేశం. పిల్లలకు ఆ మాత్ర ఇవ్వడం ఆపాలా, హెచ్చరిక అంటించి ఇవ్వాలా అని వాళ్ళు తేల్చేది ఆ రోజే. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు తమ కాగితాలు రేపు పొద్దున్న టపాలో వేస్తే అందుతాయి. కజుయో కాగితాల్లో ‘దూకాడు’ అన్న మాట పోయి ‘పడ్డాడు’ అన్న మాటైనా రావాలి. అందుకు ఆధారం కావాలి. ఆ ఆధారం ఈ కవరులో ఏ మూలైనా దొరుకుతుందేమోనని ఆమె ఆశ.

మందుల పొట్లం డాక్టరుగారు ఇచ్చారు. వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, వేసినా వేయకపోయినా రెండు రోజులు పిల్లను ఒక్క నిమిషం వదలవద్దు అన్నారు. కజుయో ఆ పొట్లాన్ని విప్పకుండానే ఇంట్లో తకుమా ఫొటో ముందు పెట్టింది. వాడికి రోజూ పోసే టీ కప్పు పక్కన. చెల్లెలి సంగతి నువ్వే చూసుకోరా అని అన్నకు అప్పజెప్పినట్టు ఉంది అది.

“మీరు చదవండి, తొమె సాన్” అంది కజుయో, ఎప్పటిలా నా పేరుకు ‘గారు’ తగిలించి. “నేను రెండుసార్లు విప్పాను. మొదటి వరసలో వాడి పేరు కనిపిస్తుంది. ఆ తర్వాత అక్షరాలు నిలవవు.”

“మీ ఆయన చదవడా?”

“ఆయన లారీ మీద ఉన్నాడు. ఉన్నా విప్పనివ్వడు. మీరైతే ఒక్క అక్షరం వదలరు.”

ఆ మాట నిజమే. మా ఆయన పోయాక, అరవై రెండో ఏట, సాయంకాలం బడిలో చేరి నేర్చుకున్న అక్షరాలు నావి. మా రాతలో ఒక్కో మాటకు ఒక్కో అక్షరం ఉంటుంది, గబగబా చదవడం నాకు రాదు. వేలు పెట్టి, ఒక్కొక్కదాన్నీ పలకరించి దాటాలి. కళ్ళద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను.

తేదీ చదివాను. ఉత్తరపు గాలి, బలంగా, అని చదివాను. తల్లి పన్నెండు గంటలకు మాత్ర వేసిందనీ, ఒంటిగంటన్నరకు మంచు సంచీ కొనడానికి మందుల కొట్టుకు వెళ్ళిందనీ, అరగంట ఇంట్లో లేదనీ చదివాను. కజుయో, కాళ్ళకు వెచ్చదనం ఇచ్చే కోతాత్సు బల్ల మీది దుప్పటి అంచును మడత పెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడత పెడుతూ వింటోంది. వెళ్ళేముందు తకుమా అన్న మాట అందులో లేదు. ఆ మాట కజుయో పోలీసులకు చెప్పలేదు. నాకొక్కదానికే చెప్పింది. గుమ్మం దాకా వెళ్ళిన తల్లిని వాడు వెనక్కి పిలిచాడట. “అమ్మా, పాట వచ్చేసింది. ఇంటికెళ్ళిపోవాలి” అన్నాడట.

మా ఊళ్ళో సాయంత్రం ఐదింటికి స్తంభాల మీది మైకుల్లో పాట వేస్తారు. ఆడుకునే పిల్లలు ఇళ్ళకు పోయే వేళ అని దానికి అర్థం. ఒంటిగంటన్నరకు ఏ పాటా రాదు. పైగా వాడు ఉన్నది ఇంట్లోనే. జ్వరం పేలాపన అనుకుని, ఇంట్లోనే ఉన్నావురా పిచ్చోడా అని నవ్వి వెళ్ళిపోయింది కజుయో. ఆ నవ్వును తను ఇంకా క్షమించుకోలేదు.

రెండో కాగితంలో బడి సంగతులు. వాణ్ణి ఎవరూ ఏడిపించేవాళ్ళు కాదని పంతులు చెప్పాడు. పరీక్షల భయం అందరు పిల్లలకూ ఉన్నంతే ఉందన్నాడు. మూడో కాగితంలో గది. బల్ల మీద లెక్కల పుస్తకం. ఉత్తరం లాంటిదేమీ దొరకలేదు.

“దొరకలేదు కదా” అంది కజుయో. “మరి ఎట్లా రాశారు దూకాడని? వేరే ఆధారం ఉందమ్మా అని ఒక పోలీసాయన అన్నాడు. ఏంటని అడిగితే తల వంచుకున్నాడు. చదవండి.”

మూడో కాగితం కింది భాగం. నా వేలు అక్కడికి వచ్చింది. బాల్కనీలో, అని చదివాను. తర్వాతి మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ వరస చివరి దాకా నా కళ్ళు వెళ్ళి, తిరిగి వచ్చాయి. బతుకులో మొదటిసారి నేను ఒక వరసను అంత వేగంగా చదివాను.

“ఈ అక్షరం నాకు రాదు” అన్నాను.

“ఏది?”

“ఇది. కష్టమైన అక్షరం. మేం ఇంకా దీని దాకా రాలేదు.”

కజుయో లేచి నా పక్కకు వచ్చింది. నా వేలు పక్కకు జరిపింది. చాలాసేపు చూసింది.

“ఇది ‘చెప్పులు’ అన్న మాట, తొమె సాన్” అంది. గొంతు మామూలుగానే ఉంది. “పోయిన వానాకాలం, కింద మెట్ల దగ్గర బోర్డు రాసింది మీరే. చెప్పులు దారిలో విడవకండి అని. మీ చేత్తో మీరే రాశారు. అందరికీ చూపించుకున్నారు కూడా.”

నేను తల ఎత్తలేదు.

మిగతాది ఆమే చదివింది. అక్షరాలు నిలవవు అన్న మనిషి, ఆ ఒక్క వరసను తప్పు పోకుండా చదివింది.

‘బాల్కనీలో చెప్పులు జతగా విడిచి, కమ్మీ వైపు మొహం పెట్టి, తిన్నగా సర్ది ఉన్నాయి. నిర్ణయించుకునే చేసినట్టు తెలుస్తోంది.’

మా దగ్గర ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. కాలు జారి పడేవాడు చెప్పులతో పడతాడు. మతి తప్పి పరుగెత్తేవాడి చెప్పులు ఎక్కడివక్కడ ఎగిరిపడతాయి. పోదామని నిశ్చయించుకున్నవాడు మాత్రం వాటిని విడిచి, సర్ది, పోతాడు. అందుకే వంతెన మీద జతగా చెప్పులు కనబడితే దారిన పోయేవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ పోలీసాయన తల వంచుకున్నది అందుకే.

“వాడా?” అంది కజుయో. “మా తకుమానా? చెప్పులు సర్దడమా? పద్నాలుగేళ్ళూ నేను వాణ్ణి తిట్టిన తిట్లన్నీ చెప్పుల కోసమే. ఒక కాలిది గుమ్మంలో ఉంటే రెండోది కుళాయి దగ్గర ఉండేది. ఒక్క రోజు సర్దాడా వాడు? ఆ ఒక్క రోజే సర్దాడా?”

ఆమె ముఖంలో ఏదో మెల్లగా కిందికి దిగుతోంది. పదకొండు నెలలు కూడదీసుకున్న నమ్మకం అది. నా బిడ్డ నన్ను వదిలి పోవాలనుకోలేదు అన్న నమ్మకం. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అది పూర్తిగా జారిపోతుంది. నేను చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఎవరూ నన్ను అడగలేదు. ఆ రోజు పోలీసులు అడిగింది తలుపు సంగతి, టైము సంగతి.

“వాడు కాదు” అన్నాను. “నేను.”

ఆమెకు అర్థం కాలేదు.

ఆ రోజు ఎలా జరిగిందో అలాగే చెప్పాను. నేను నాలుగో అంతస్తు మెట్లు ఊడుస్తున్నాను. గాలికి వీళ్ళ తలుపు కొట్టుకుంటోంది. వేసి పోదామని వచ్చి పిలిచాను. ఎవరూ పలకలేదు. లోపల పరుపు ఖాళీగా ఉంది, దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది. బాల్కనీ తలుపు తెరిచి ఉంది, తెర బయటికి ఎగురుతోంది. తలుపు మూద్దామని వెళ్ళాను. నీలం రబ్బరు చెప్పులు, ఒకటి బట్టలుతికే యంత్రం కింద, ఒకటి నీళ్ళ తూములో బోర్లా పడి ఉన్నాయి. తూములోది తీసి దులిపాను. యంత్రం కిందిది లాగి దాని పక్కన పెట్టాను. గదిలోంచి అడుగుపెట్టేవాళ్ళకు వీలుగా ఉండాలని మొహాలు బయటికి, కమ్మీ వైపుకు తిప్పాను. ఆ తర్వాతే నడుము ఎత్తి కిందికి చూశాను.

“ముందు చెప్పులు సర్దాను, కజుయో. తర్వాత చూశాను. వాటిని నేను సర్దానన్న సంగతే నాకు గుర్తు లేదు. ఇప్పుడు, ఈ వరస చదువుతుంటే, నా చేతికి గుర్తొచ్చింది.”

ఆమె అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా తీసుకుందామనే కూర్చున్నాను. ఆమె గుమ్మం వైపు తిరిగి చూసింది. అక్కడ నా బూట్లు, మినొరి బూట్లు పక్కపక్కన తిన్నగా ఉన్నాయి.

“ఇందాక వస్తూ వస్తూ వాటినీ సర్దారు” అంది. “చూశాను. తొమె సాన్ వస్తే ఇల్లు ఇల్లులా ఉంటుంది అనుకున్నాను.”



చివరికి కజుయో లేచి తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. ఇప్పుడు చెప్పిందంతా రాయమంది. వేరే వాళ్ళు రాస్తే నమ్మరు, మీ చేత్తో, మీ ముద్రతో ఉండాలి అంది. అంత మాట అంటున్నప్పుడు కూడా ఆమె నాకు వేడి టీ పోసింది.

రాశాను. నా రాత లావుగా, పిల్లల రాతలా ఉంటుంది. ‘బాల్కనీలో చెప్పులు చెదిరి ఉన్నాయి. వాటిని జత చేసింది నేను. తకుమా కాదు.’ మూడు వరసలకు పావుగంట పట్టింది. సంచిలోంచి, సంతకం బదులు వేసే నా పేరు ముద్ర తీసి ఎర్రసిరాలో అద్దుతుండగా గడియారం చూశాను. ఐదుకు ఇరవై నిమిషాలు తక్కువ.

అప్పుడు లోపలి గది తలుపు పక్కకు జరిగింది.

మినొరి వచ్చింది. పాదాలకు ఏమీ లేవు. చెమటకు నుదుటి జుట్టు అతుక్కుపోయి ఉంది. ముఖంలో భయం లేదు, బాధ లేదు. బడికి వేళయిన పిల్లలా ఉంది. కజుయో, ఏమ్మా, నీళ్ళు కావాలా అంది. పిల్ల మా ఇద్దరి మధ్య నుంచి, మేం లేనట్టే, బల్ల అంచును తొక్కి దాటింది. నా టీ కప్పు దొర్లిపోయింది. పిల్ల అటు చూడలేదు. బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం మీద చేయి వేసింది.

“మినొరీ” అంది తల్లి.

“పాట వచ్చేసింది కదమ్మా” అంది పిల్ల, వెనక్కి తిరగకుండా. “ఇంటికెళ్ళిపోవాలి.”

బయట గాలి తప్ప ఏమీ లేదు. ఆ మాట ఈ ఇంట్లో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. కజుయో చెప్పలేదు. నేను చెప్పలేదు.

గొళ్ళెం తెరుచుకుంది. గాలి తెరను ఈడ్చింది. నేను పిల్ల నడుము రెండు చేతులా పట్టుకున్నాను. పాతికేళ్ళు మగ్గం లాగిన చేతులు నావి. అయినా పదేళ్ళ పిల్ల నన్ను రెండడుగులు ముందుకు లాక్కుపోయింది. కొట్టుకోలేదు, ఏడవలేదు. వాగు లాగినట్టు లాగింది, అంతే. కజుయో ముందుకు వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడి, పిల్ల ముఖం చేతుల్లోకి తీసుకుని పేరు పెట్టి పిలిచింది. పిలుస్తూనే ఉంది. ఏడోసారో ఎనిమిదోసారో పిల్ల కళ్ళు కదిలాయి. అమ్మా, చలేస్తోంది అంది. మరు నిమిషం నా భుజం మీద నిద్రపోయింది.

పరుపు మీద పడుకోబెట్టాం. గొళ్ళేనికి తాడు కట్టాం. కజుయో ఆయాసపడుతూనే నవ్వింది. “చూశారా? మీరే చూశారు, కళ్ళారా. ఇట్లాగే. వాడూ సరిగ్గా ఇట్లాగే...”

మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె చూస్తున్న వైపు నేనూ చూశాను.

తకుమా ఫొటో ముందు, టీ కప్పు పక్కన, మందుల పొట్లం నిన్న పెట్టినట్టే ఉంది. మడత విప్పలేదు. ఆసుపత్రివాళ్ళు అంటించిన కాగితపు బిళ్ళ చిరగలేదు. మినొరి ఒక్క మాత్ర కూడా మింగలేదు.

డాక్టరుగారి మాటలు మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటాయి. ఎంతమంది మింగి నడిచారు, ఎంతమంది మింగకుండా నడిచారు. మినొరి ఏ లెక్కలో చేరుతుందో, ఆ లెక్క తకుమాను ఎటు తోస్తుందో మాకు తెలుసు: మాత్ర కాదు, జ్వరమే అనే వైపుకు.

కజుయో లేచింది. ఫొటో ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రోజూ చేసినట్టే ఒకసారి నమస్కారం పెట్టింది. తర్వాత పొట్లం అందుకుని కాగితపు బిళ్ళను గోటితో చింపింది. స్ట్రిప్పులోంచి ఒక గొట్టం మాత్రను బొటనవేలితో నొక్కి తీసింది. కొడుకు టీ కప్పులో వేసింది. బూడిదరంగు మాత్ర కాసేపు తేలి, మెల్లగా మెత్తబడి, పక్కకు ఒరిగింది.

“మందు వేశాను” అంది, నా వైపు తిరగకుండా. “వేయలేదని ఎవరూ అనలేరు. ఇంకో కాగితం ఇస్తాను, తొమె సాన్. చెల్లెలు కూడా మాత్ర పడ్డాకే లేచి నడిచిందని రాయండి. మీరు చూశారు కదా.”

“కజుయో, అమ్మా...”

“పదకొండు నెలల కింద మీరొకటి సర్దారు. నేను ఏమీ అనలేదు. ఇది కూడా సర్దండి.”

స్ట్రిప్పును, పొట్లాన్ని బల్ల మీదికి విసిరినట్టు పెట్టింది. పెన్ను నా వైపు దొర్లించింది. లోపల మినొరి నిద్రలోనే ఏదో రాగం తీస్తోంది. గడియారంలో ముల్లు ఐదు మీదికి వచ్చింది. ఊరి స్తంభాల మీది మైకులన్నీ ఒక్కసారి గొంతు సవరించుకున్నాయి. పాట మొదలైంది. లోపల పిల్ల తీస్తున్న రాగమే అది. పిల్ల మాత్రం ఒక వరస ముందుంది.

రాయనని చెప్పడానికే నోరు తెరిచాను. అప్పుడు కిందికి చూసుకున్నాను. నా చేయి నన్ను అడగకుండానే ముందుకు వెళ్ళి, వంకరగా పడిన ఆ స్ట్రిప్పును పొట్లం పక్కన తిన్నగా, జతగా సర్ది పెట్టింది.